వాడిక నారు

మా నర్సరీ మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలికి ఉంటుంది. షేడ్‌నెట్ కప్పిన పందిళ్లు, ఒక బోరు, రేకుల షెడ్డు, అంతే. మా ఆయనది తంబళ్లపల్లె పక్కన పల్లె. అక్కడ బోర్లు ఎండిపోయాక ఇక్కడ నేల కౌలుకు తీసుకుని టమోటా నారు పెంచడం మొదలుపెట్టాడు. పెళ్లయిన కొత్తలో నేను ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ చెప్పేదాన్ని. పాప పుట్టాక మానేశాను. నర్సరీకి వచ్చే ఫోన్లు, బిల్లులు చూసుకోవడం నా పని అయింది. మట్టి పని ఆయనది.

నారు అమ్మడంలో ఉన్న చిక్కంతా కాలంతోనే. టమోటాకు ధర పలికితే రైతులందరూ ఒకే వారంలో వచ్చి ట్రేల కొద్దీ నారు అడుగుతారు. ధర పడిపోతే ఒక్కరూ రారు. పెంచిన నారు మా చేతుల్లోనే ముదిరి, కాడలు సాగి, చివరికి దిబ్బకు పోతుంది. ఆ పని చేయడానికి మా ఆయనకు మనసు ఒప్పేది కాదు. ట్రేలు నాకిచ్చి తాను బోరు దగ్గరికి వెళ్లిపోయేవాడు.

రైతుల గిరాకీ మీదే ఆధారపడకుండా ఇంకేదైనా చూద్దామని ఆన్‌లైన్‌లో ఒక చిన్న అంగడి పెట్టాను. బెంగళూరులో మిద్దెల మీద కూరగాయలు పండించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు విత్తనం మొలిపించే ఓపిక ఉండదు, నారు దొరికితే చాలు. టమోటా, వంగ, మిరప, అన్నీ కలిపి ఒక అట్టపెట్టెలో, వేళ్ల చుట్టూ కొబ్బరిపీచు పొడి కదలకుండా సర్ది కొరియర్‌లో పంపేవాళ్లం. మొక్కలు బాగా చేరేవి. ఫోటోలు తీసి పంపేవాళ్లు కూడా. కానీ ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ కనిపించేవాళ్లు కాదు. నచ్చక కాదు, మరిచిపోయేవాళ్లు. పంట అయిపోయి కుండీలు ఎండిపోయినా, మళ్లీ నారు తెప్పించుకోవాలన్న ఆలోచన రావడానికి వాళ్లకు ఆరు నెలలు పట్టేది.

దారి చూపించింది పుంగనూరులో ఉండే మా అక్క. ఒక ఆదివారం వాళ్లింట్లో కూర్చుని ఈ సంగతే చెబుతున్నాను. అప్పుడే పాలామె వచ్చి, గుమ్మం దగ్గర గిన్నెలో పాలు పోసి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయింది.

"సూస్తివా? ఆమె దినామూ అడిగి పోస్తాండాదా?" అంది అక్క. "వాడిక పెట్టుకున్న్యాం, పోస్తాండాది. మాకు వద్దన్నప్పుడు మేం చెప్తాం. నీ నారు గూడా అట్లా వాడిక పెట్టరాదా?"

ఇంటికి వచ్చి చూస్తే, మా అంగడి నడిచే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఏర్పాటు ఉండనే ఉంది. ఒక వస్తువును 'ఒకసారి కొనేది' అని పెట్టవచ్చు, 'నెలనెలా వచ్చేది' అనీ పెట్టవచ్చు. కొనేవాళ్లు మొదటిసారి ఒప్పుకుని పిన్ కొడితే చాలు. ఆ తరువాత ప్రతి నెలా బ్యాంకు ముందుగా ఒక మెసేజ్ పంపి, దానంతట అదే డబ్బు తీసుకుంటుంది. చదవడానికి సులువుగానే అనిపించింది. పెట్టడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఇలా నెలనెలా డబ్బు తీసుకోవాలంటే పేమెంట్ కంపెనీ వాళ్ల అనుమతి కావాలి. వాళ్ల దగ్గర నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, ఏం అమ్ముతారని హిందీలో అడిగింది. మొక్కలన్నాను.

"మొక్కలు నెలనెలా ఎందుకు కొంటారు?" అంది.

"మా ఆయన కూడా అదే అడుగుతున్నాడు" అన్నాను. ఆ అమ్మాయి గట్టిగా నవ్వేసింది. అనుమతి వచ్చింది.

మా ఆయన నిజంగానే అడుగుతున్నాడు. "నారంటే సబ్బా, నెలనెలా ఒకే మాదిరి పంపేదానికి? ఎండాకాలం క్యాబేజీ పంపితే ఏం జేసుకుంటారు?" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకని ఏ మొక్క అన్నది కొనేవాళ్లకు వదలకుండా, ఏ నెలకు ఏది తగితే అది మేమే పంపేట్టు పెట్టాం. వానాకాలంలో వంగ, బెండ, చలికాలంలో క్యాబేజీ, కాలీఫ్లవర్, ఎండలు ముదిరితే ఆకుకూరలు. ఆ పట్టిక ఆయన నోటితో చెబుతుంటే నేను ఎక్కించాను. చెప్పేటప్పుడు ఆయనకే హుషారు వచ్చింది.

పేరు ఏం పెట్టాలన్నది ఇంకో సమస్య. సబ్‌స్క్రిప్షన్ అని అలాగే రాస్తే మా అక్కలాంటివాళ్లు ఆ పేజీ దాటి వెళ్లిపోతారు. చందా అని రాద్దామంటే వినాయకచవితికి తలుపు తట్టే పిల్లలు గుర్తొస్తారు. అక్క అన్న మాటే పెట్టాను: వాడిక నారు.

పరీక్ష కోసం మొదటి ఆర్డర్ మా ఆయన ఫోన్‌లోనే చేశాను. చివరిదాకా వచ్చి ఫోన్ ఆయన చేతికిచ్చాను.

"ఇప్పుడు పిన్ కొట్టప్పా."

"కొడితే?"

"ఈ నెల దుడ్డు పోతాది. వచ్చే నెల నుంచి నువ్వు కొట్టే పనిలేదు, దానంతట అదే పోతాది."

"నన్నడక్కుండా యాడికి పోతాది?"

"మనకే వస్తాది. మన అంగడే గదా."

"మన దుడ్డు మనకే వచ్చేదానికి ఈ సంతంతా యాలమే?" అన్నాడు. అంటూనే పిన్ కొట్టాడు. నా ఫోన్ టింగుమంది. ఆయన కాసేపు రెండు ఫోన్ల వైపు మార్చి మార్చి చూసి, "బాగుండాదే" అని షెడ్డులోకి వెళ్లిపోయాడు.

అసలైన మొదటి వాడిక అక్కది. ఆ తరువాత బెంగళూరు వాళ్లు ఒక్కొక్కరే చేరారు. మొదట్లో ఒక ఇబ్బంది వచ్చింది. ఎవరు ఏ తేదీన చేరితే ప్రతి నెలా ఆ తేదీనే వాళ్ల డబ్బు పడేది, ఆ తేదీనే పెట్టె పోవాల్సి వచ్చేది. "దినానికొక పెట్టె అంటే ఎట్లా? నారంతా ఒకేసారి గదా తయారయ్యేది" అని మా ఆయన విసుక్కున్నాడు. వెతగ్గా వెతగ్గా, అందరి తేదీలనూ నెల మొదటికి తెచ్చే వీలు ఒకచోట దొరికింది. అప్పటి నుంచి పని సాఫీగా సాగింది. వచ్చే నెల ఎన్ని పెట్టెలు పోవాలో ముందే తెలుస్తుంది కాబట్టి, అన్నే విత్తనాలు వేస్తాం. దిబ్బకు పోయే నారు చాలా తగ్గింది. ఆ తగ్గడం నాకు వచ్చే డబ్బు కంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది.

అలాంటి రోజుల్లో కుప్పం నుంచి ఒక వాడిక పడింది. మగమనిషి పేరు. తరువాతి నెలలో అదే ఫోన్ నంబరు, అదే ఇంటి నంబరుతో ఇంకొకటి పడింది. ఈసారి ఆడమనిషి పేరు. ఇంకో నెలకు ఇంకో ఆడమనిషి పేరుతో మూడోది. డబ్బు మూడింటికీ ఒకే ఖాతా నుంచి వస్తోంది. నాకు భయం వేసింది. మా పేజీలో ఏదో తప్పుండి, ఒకసారి నొక్కింది రెండుసార్లు పడుతోందేమో, పాపం ఎవరిదో డబ్బు ఊరికే పోతోందేమో అనుకుని ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో పెద్దాయన ఎత్తారు. వెనకాల కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"మదనపల్లె నర్సరీ నుంచి అన్నా. మీ నంబరు మీద మూడు వాడికలు పడినాయి. పొరపాటున నొక్కినారేమోనని చేసినాను" అన్నాను.

"పొరపాటు యాడిదమ్మా? నేనే నొక్కినా. ఇంకొకటి గూడా నొక్కేదుండాది" అన్నారాయన.

"మూడు కావల్లంటే ఒకే పెద్ద పెట్టెగా పంపిస్తాం అన్నా. పంపించే ఖర్చయినా తగ్గుతాది."

"వద్దొద్దు! ఏ పేరుతో జెప్పినానో ఆ పేరుతోనే, దేని పెట్టె దానికే పంపించమ్మా. పేరు మాత్రం పెద్దగా రాయి."

ఇంకేం అడుగుతాను? పేరు పెద్దగా రాసి పంపించాను. సంవత్సరం తిరిగేలోపల ఆ ఇంటికి ఏడు పెట్టెలు పోతున్నాయి. నెలనెలా వాటిని కట్టేటప్పుడు మా ఆయన, "ఈ కుప్పమాయన ఎవరో గాని, ఊరంతా తోట జేస్తాండాడు" అనేవాడు.

ఆయన్ని చూసే సందర్భం వానల మూలంగా వచ్చింది. ఆ నెల డబ్బు అందరిదీ పడింది, నారు తయారైంది, పెట్టెలు కట్టేశాం. హార్స్లీ కొండ మూడు రోజులుగా మబ్బులో నుంచి బయటికి రాలేదు. కొరియర్ ఆఫీసుకు వెళితే, తమిళనాడు పక్క వాళ్ల గోడౌన్‌లోకి నీళ్లొచ్చాయనీ, కుప్పం వైపు సామాను ఎప్పుడు కదులుతుందో చెప్పలేమనీ అన్నారు. బెంగళూరు పెట్టెలు బస్సులో వేసి పంపగలిగాం. కుప్పానివి మాత్రం మిగిలిపోయాయి.

"పెట్టెలో ఎక్కువ దినాలు ఉంటే ఆకులు పసుపెక్కిపోతాయి. మనమే పోయి ఇచ్చొద్దాం పా" అన్నాడు మా ఆయన. నర్సరీ వ్యానులో పెట్టెలు ఎక్కించుకుని పొద్దున్నే బయల్దేరాం. పుంగనూరులో ఆగి అక్క పెట్టె అక్కకిచ్చి, పాపను వాళ్లింట్లో దింపాం. దోసెలు, చెనిక్కాయల చెట్నీ తినిపించందే అక్క కదలనివ్వలేదు. పలమనేరు దాటాక వాన తెరిపి ఇచ్చింది. కుప్పం దగ్గరవుతుంటే రోడ్డు పక్కన కోసిన రాతిబండలు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. టీ తాగడానికి ఆగినచోట ఒకాయన మాట తెలుగులో మొదలుపెట్టి, కన్నడంలో తిట్టి, తమిళంలో ముగించాడు. మా ఆయన నవ్వాపుకోలేక గ్లాసు పట్టుకుని బయటికి వచ్చేశాడు.

అడ్రసు ఒక సందులో ఉంది. వెళ్లి చూస్తే అదొక టైలర్ అంగడి. పైన ఇల్లు, కింద అంగడి. మెడలో టేపు వేసుకున్న పెద్దాయన మిషన్ మీద నుంచి తలెత్తి మమ్మల్ని చూశారు, వ్యానును చూశారు, పెట్టెలను చూశారు.

"మదనపల్లె నుంచా? మీరే తెస్తిరా?" అని లేచి నిలబడ్డారు. మేం జవాబు చెప్పేలోపలే ఇంట్లోకి తిరిగి ఉర్దూలో ఏదో కేకేశారు. "కూసోండమ్మా. ఆడోళ్లను పిలిపిస్తా. పెట్టెలు నేను ముట్టుకోను, వాళ్లే తీసుకోవల్ల" అన్నారు.

వాళ్లు వచ్చేలోపల ఆయన చెప్పిన సంగతి ఇది. మొదటి పెట్టె ఆయన తన కోసమే తెప్పించుకున్నారు. మిద్దె మీద వంగమొక్కలు వేసుకుందామని సరదా. ఆయన అంగడికి సందులోని ఆడవాళ్లు కొందరు ఇళ్ల దగ్గర కూర్చుని చొక్కా గుండీలకు కాజాలు కుట్టి ఇస్తారు, చేతి కుట్టు పనులు చేసిస్తారు. పెట్టె వచ్చిన రోజు కాజాల పనికి వచ్చిన ఒకామె దాని మీద అంటించిన పేరును చాలాసేపు చూసిందట.

"ఏమ్మా, మొక్కలు నీకు గూడా కావల్లనా అని అడిగినా" అన్నారాయన. "ఆమె, మొక్కలు కాదు భాయ్, కరెంటు బిల్లు మా మామ పేరుతో వస్తాది, గ్యాసు మా ఆయన పేరుతో వస్తాది, నా పేరుతో ఈ సందులోకి ఇంతవరకూ ఏమీ రాలేదు అనింది. సరే, రానీలే అని ఆ దినమే ఆమె పేరుతో ఒకటి నొక్కినా. ఆ పెట్టె చేత్తో పట్టుకుని సందంతా నడిచి పోయింది. ఇంక తక్కినోళ్లు ఊరుకుంటారా?"

ఎవరి డబ్బు వాళ్లే తమ కూలిలో మినహాయించుకోమంటారట. ఆయన వద్దన్నా వాళ్లు ఒప్పుకోలేదట. వాళ్ల ఫోన్లలో బ్యాంకు లేదు కాబట్టి ఆయన ఫోన్ నుంచి పోతోంది, అంతే.

మేం మాట్లాడుతుండగానే వాళ్లు వచ్చారు. ఒకామె చేతిలో ఇంకా సూది ఉంది. అందరూ పెట్టెల చుట్టూ నిలబడ్డారు గాని ఎవరూ తీసుకోవడంలేదు. అప్పుడు నాకు అర్థమైంది. పేర్లన్నీ నేను ఇంగ్లీషులో అచ్చు వేయించాను, వాళ్లకు ఇంగ్లీషు చదవడం రాదు. ఒకామె ఒక పెట్టె మీది అక్షరాల మీద వేలు పెట్టి, "ఇది నా పేరేనా?" అని నన్నడిగింది. పేరు చదివాను. అది పక్కామెదట.

మా ఆయన ముందుకొచ్చి ఒక్కొక్క పెట్టే ఎత్తి పేరు చదవడం మొదలుపెట్టాడు. హెడ్‌మాస్టరు హాజరు పిలిచినట్టే ఉంది. పిలిచినప్పుడల్లా ఒకామె వచ్చి రెండు చేతులతో తీసుకుంది. ఇద్దరు ముగ్గురు స్కూల్లో లాగే "ఉండాను సార్" అన్నారు, అందరూ నవ్వారు. కాజాలు కుట్టే ఆమె తనది తీసుకుని కొంగుతో పెట్టె మీది తడి తుడిచింది. ఇన్ని నెలలుగా ఆ స్టిక్కర్లు గబగబా అంటించేసింది నేనే. ఇక్కడ వాటిని ఇలా చూసుకుంటున్నారని నాకేం తెలుసు?

తరువాత మమ్మల్ని మిద్దె మీదికి తీసుకుపోయారు. ఆ సందులో ఇళ్లన్నీ ఆనుకునే ఉంటాయి, పిట్టగోడ దాటితే పక్క మిద్దె. రంగు డబ్బాలు, పగిలిన బకెట్లు, సిమెంటు సంచులు, వాటి నిండా మా నర్సరీ మొక్కలు. వంకాయలు నీలంగా నిగనిగలాడుతున్నాయి. మిరపచెట్లు నా నడుమెత్తు ఎదిగాయి. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. ఆయన నారు పెంచడమే గాని, అది కాయడం చూసేది తక్కువ. రైతులు ట్రేలు తీసుకుని వెళ్లిపోతారు, అక్కడితో సరి. ఇక్కడ ఒక్కొక్క చెట్టూ తిప్పి చూస్తూ, ముడుచుకున్న ఆకులకు వేపనూనె ఎట్లా కొట్టాలో చెబుతూ, మమ్మల్ని మరిచిపోయాడు.

ఆడవాళ్లు నన్ను పట్టుకున్నారు. ఒక్కొక్కరికీ ఒక కోరిక. ఒకామెకు కూరగాయలు ఇక చాలు, చేమంతులు కావాలి, కనకాంబరాలు కావాలి. ఇంకొకామె కాస్త మొహమాటపడి అంది. "పోయిన తూరి పంపిన వంగచెట్లు ఇంకా కాస్తానే ఉండాయక్కా. ఈ నెల నారు పెట్టేదానికి తావు లేదు. వద్దంటే పేరు కొట్టేస్తారేమోనని తీసుకుంటాండాను."

"కొట్టేయం. ఒక నెల వదిలేసి మళ్లా తీసుకోవచ్చు" అన్నాను.

"అట్లా గూడా ఉండాదా?"

లేదు. అప్పటికి లేదు. మా అంగడిలో వాడిక పెట్టడమో తీసేయడమో తప్ప మధ్యలో ఒక నెల దాటవేసే వీలు నేను ఇవ్వలేదు. అక్కడే నిలబడి ఫోన్‌లో రాసుకున్నాను: ఒక నెల ఆపడం, పూలమొక్కల వాడిక, తెలుగులో పేర్లు.

మధ్యాహ్నం టైలరుగారి భార్య కుష్కా అన్నం, వంకాయ కూర వడ్డించారు. "కూర మీ వంకాయలే" అన్నారామె. మా ఆయన రెండుసార్లు వేయించుకున్నాడు. తిరుగుదారిలో వ్యాను ఆయనే నడిపాడు. పలమనేరు దగ్గరకు వచ్చాక, "చేమంతి నారు పోయల్ల. తెల్లది గూడా పోద్దాం" అన్నాడు. పుంగనూరులో అక్కకు ఈ కథంతా చెబితే, నవ్వి, "మరి నా పెట్టె మీద గూడా తెలుగులోనే రాయి" అంది.

ఆ వారమంతా మార్పులకే సరిపోయింది. ఆర్డర్ చేసేచోట 'ఎవరి పేరుతో పంపాలి' అని ఇంకో గడి పెట్టాను. స్టిక్కర్లు తెలుగులో అచ్చయ్యేట్టు చేశాను. ఒత్తులు కిందికి జారిపోతుంటే సరిచేయడానికి ఒక పూటంతా పట్టింది. బ్యాంకు మెసేజ్ కంటే ముందు మా దగ్గర నుంచి ఒక మెసేజ్ పోయేట్టు పెట్టాను: ఈ నెల ఈ మొక్కలు పంపుతున్నాం, వద్దంటే ఇక్కడ నొక్కండి, వచ్చే నెల పంపుతాం. ఇలా చేస్తే అందరూ వద్దనేస్తారేమోనని నాకు లోపల గుబులుగానే ఉండింది. కొందరు అన్నారు కూడా. కానీ అన్నవాళ్లు ఒకటి రెండు నెలలకే తిరిగి వచ్చారు. అంతకుముందు ఒకసారి వాడిక తీసేసినవాళ్లు మళ్లీ వచ్చేవాళ్లు కాదు.

పూలమొక్కల వాడిక పెట్టాక కుప్పం పెట్టెలు ఇంకొన్ని పెరిగాయి. కొరియర్ కూడా మామూలుగా నడుస్తోంది. మేం మళ్లీ అంత దూరం వెళ్లలేదు.

ఈ మధ్య ఒక ఉదయం ట్రేలకు నీళ్లు పడుతుంటే కాజాలు కుట్టే ఆమె ఫోన్ చేసింది. తనే సొంతంగా ఒక ఫోన్ కొనుక్కుందట, బ్యాంకు కూడా అందులో పెట్టించుకుందట. భాయ్ ఫోన్ నుంచి పోయే తన వాడికను తన ఫోన్‌కు మార్చుకోవాలట. నేను నీళ్ల పైపు మా ఆయన చేతికిచ్చి గట్టు మీద కూర్చున్నాను. లింకు పంపి, ఏది నొక్కాలో ఒక్కొక్కటే చెబుతూ పోయాను. ఆమె ప్రతిదీ గట్టిగా చదివి నొక్కింది. చివరికి ఆమె ఫోన్ పిన్ అడిగింది.

"అక్కా, నా పిన్ను..." అని చెప్పబోయింది.

"నాకు జెప్పొద్దమ్మా! ఎవురికీ జెప్పొద్దు. నువ్వే కొట్టు."

ఆమె అంకెలు కొడుతుంటే ఆ సందులో ఎవరో సైకిల్ బెల్లు కొట్టారు. నా ఫోన్‌లో ఆమె పేరుతో కొత్త వాడిక పడింది, డబ్బు ఆమె ఖాతా నుంచి.

"అయిందా అక్కా?"

"అయింది."

"సరే. ఇప్పుడు దీన్ని ఆపల్లంటే యాడ నొక్కల్ల?"

నాకు నవ్వొచ్చింది. ఎక్కడ నొక్కాలో చెప్పాను. ఆమె ఆ చోటు వెతుక్కుని, చూసుకుని, చదువుకుంది.

"నేనేం ఆపనులే అక్కా. యాడుండాదో తెలుసుకుందామని" అని, ఈ నెల చేమంతుల్లో పసుపువి ఎక్కువ పెట్టమని చెప్పి ఫోన్ పెట్టేసింది.